పోస్టుమార్టంలో 'మయోకార్డైటిస్' అని రాస్తే నమ్మొచ్చా?

గోదారిగట్టు: మా తమ్ముడు 24 ఏళ్లకే క్రికెట్ ఆడుతూ గ్రౌండులో పడిపోయాడు. మూడు నెలలకు వచ్చిన రిపోర్టులో మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వాపు అని రాశారు. విషం లేదు, రక్తనాళాల్లో పూడిక లేదు. ఏమీ దొరక్కపోతే రాసే మాటేనా ఇది?

రిటైర్డ్_ఫోరెన్సిక్: కాదండీ. కంటికి గుండె మామూలుగానే కనిపించొచ్చు, మైక్రోస్కోపులోనే బయటపడుతుంది. ఈ జబ్బును స్లైడులో గుర్తించడానికి పెట్టిన 1986 నాటి డల్లాస్ ప్రమాణాల ప్రకారం తెల్లకణాలు చేరితే చాలదు, పక్కన కండర కణాలు దెబ్బతిని ఉండాలి. తర్వాత బయాప్సీలకు ఇంకో లెక్క వచ్చింది: చదరపు మిల్లీమీటరుకు కనీసం 14 తెల్లకణాలు.

చిన్నోడు_77: అంతా వ్యాక్సిన్ పుణ్యం.

గోదారిగట్టు: పోయింది 2017లో బాబూ. డాక్టరుగారూ, 14 ఉంటే జబ్బు, 13 ఉంటే ఆరోగ్యమా?

ఓరుగల్లు పోరడు: మీకు పేరన్న దొరికింది. మా బాబాయి గుండె ముక్కను ఉప్పునీళ్లల్ల పెట్టి పంపిన్రు. పాడైంది, చెప్పలేమన్నరు.

రిటైర్డ్_ఫోరెన్సిక్: ఉప్పునీళ్లు విషపరీక్షకు. స్లైడు చేయాలంటే పది శాతం ఫార్మలిన్‌లో వెయ్యాలి. ఎన్నిసార్లు చెప్పినా...

గోదారిగట్టు: ఫార్మలిన్ గొడవ నాకెందుకు? యాక్సిడెంట్లో పోయినవాళ్ల గుండెల్లోనూ ఈ కణాలు కనిపిస్తాయటగా! మరి మావాణ్ణి చంపింది అవేనని ఎలా తేల్చారు? 13 సంగతికి జవాబే లేదు.

రిటైర్డ్_ఫోరెన్సిక్: 14 పట్టుకుని వేలాడకండి. వాపు అక్కడక్కడా ఉంటుంది, అందుకే చాలాచోట్ల ముక్కలు తీస్తాం, మిగతా కారణాలన్నీ కొట్టేశాకే రాస్తాం. నన్ను తిట్టేముందు చెప్పండి, మీ రిపోర్టులో నెక్రోసిస్, అంటే కండర కణాలు చచ్చిపోవడం, అన్న మాట ఉందా లేదా?

గోదారిగట్టు: ఉంది. మూడు ముక్కల్లో.

రిటైర్డ్_ఫోరెన్సిక్: మరింక అనుమానం దేనికి? ముందు జ్వరమేమైనా వచ్చిందా?

గోదారిగట్టు: వారం నుంచీ. ఆ పొద్దున కూడా ఒళ్లు వెచ్చగానే ఉంది. రానన్నాడు. ఫైనల్ రా, పదకొండో వాడు లేడని బండెక్కించుకుని నేనే తీసుకెళ్లా. అమ్మకి గుండెపోటనే చెప్పాను. ఆ రిపోర్టు తప్పని ఎవరైనా అంటారేమోనని ఇక్కడికొచ్చా.

ఓరుగల్లు పోరడు: అన్నా...

రిటైర్డ్_ఫోరెన్సిక్: జ్వరంతో ఆడితే ముప్పు పెరుగుతుంది, లేదని చెప్పలేను. కానీ ఇదే వాపుతో నిద్రలో పోయినవాళ్లనీ నా టేబుల్ మీద చూశాను.

గోదారిగట్టు: ఎంతమందిని?