నెమ్మదిగా ఆలోచించేవాళ్ళు టీమ్‌లో కొత్తదనానికి అడ్డమా?

ప్రశ్న: స్కానర్ టీమ్ లీడ్

గోడౌన్లలో సరుకు తీసేవాళ్ళ చేతిలో ఉండే స్కానర్లకు మేం సాఫ్ట్‌వేర్ రాస్తాం. నాతో కలిపి ఏడుగురం. నేను లీడ్ అయ్యి రెండేళ్ళయింది. నెల రోజులుగా ఒక విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇలాంటిది చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

మా డెవలపర్ ఒకతను మీటింగ్ మొదలైన ఐదు నిమిషాలకే బోర్డంతా నింపేస్తాడు. పది ఆలోచనల్లో ఎనిమిది నిలబడవు. ఆ సంగతి అతనికీ తెలుసు, పట్టించుకోడు, ఇంకో పది చెబుతాడు. మా టెస్టర్ అందుకు పూర్తిగా వేరు. మీటింగ్‌లో ఆవిడ నోరు విప్పడం అరుదు, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటూ ఉంటారు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ నుంచి ఒక మెయిల్ వస్తుంది. అందులో ఎక్కువగా ప్రశ్నలే ఉంటాయి.

ఒక సంఘటన చెబుతాను. గ్లవ్స్ వేసుకున్న చేతులతో స్క్రీన్ మీద ‘సరే’ బటన్ నొక్కడం పనివాళ్ళకు కష్టంగా ఉండేది. ఆ బటనే తీసేద్దాం, స్కాన్ అవగానే సరే అయినట్టు లెక్క వేద్దాం అన్నాడు డెవలపర్. అందరికీ నచ్చింది. మర్నాడు టెస్టర్ మెయిల్: “పక్కపక్కన ఉన్న రెండు పెట్టెల్లో తప్పుదాన్ని స్కాన్ చేస్తే ఆ మనిషికి ఎలా తెలుస్తుంది? అతను స్క్రీన్ చూడడు కదా.” కింద రెండు వారాల రికార్డుల్లోంచి అలాంటి తప్పులు 41 ఏరి పెట్టారు. అది చదివిన గంటలో డెవలపర్ నా దగ్గరికి వచ్చాడు. సరైన పెట్టె అయితే పరికరం ఒక్కసారి చిన్నగా వణకాలి, తప్పయితే రెండుసార్లు గట్టిగా వణకాలి అన్నాడు. ఇప్పుడు వాడేవాళ్ళు అన్నిటికన్నా మెచ్చుకునేది దాన్నే.

మా రికార్డులో ఆ ఆలోచన ఒక్క డెవలపర్ పేరు మీదే ఉంది. ఇప్పుడు పై మేనేజర్ నెలకు ఎవరు ఎన్ని కొత్త ఆలోచనలు ఇచ్చారో లెక్క అడిగారు. టెస్టర్ గారి ఎదురుగా ఏడు నెలలుగా సున్నా. ఆవిడను వేరే టీమ్‌కి పంపి, చురుగ్గా ఉండేవాళ్ళను తీసుకోమంటున్నారు.

నాకిది తప్పనిపిస్తోంది, కానీ మేనేజర్‌కి ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మొదటి ఏడాదంతా నేనే ఆవిడను అందరి ముందూ “మీరూ ఏదో ఒకటి చెప్పండి” అని ఒత్తిడి చేశాను. అప్పుడు ఆవిడ ముఖం ఎలా మారేదో ఇప్పుడు గుర్తొస్తే బాధగా ఉంటుంది.

జవాబు 1: పాతికేళ్ళ ప్రాజెక్టుల అనుభవం

మీ అనుమానం సరైనదేనండి. దీని మీద పని చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ కిర్టన్ 1976లోనే ఒక కొలమానం ప్రచురించారు. స్కోరు 32 నుంచి 160 దాకా ఉండవచ్చు. తక్కువ వైపు ఉన్నవాళ్ళు ఉన్న పద్ధతిని గట్టిగా పట్టుకుని దాని లోపాలను సరిచేస్తారు. ఎక్కువ వైపు ఉన్నవాళ్ళు ఆ పద్ధతినే పక్కన పెట్టి వేరే దారి వెతుకుతారు. ఈ స్కోరు తెలివిని కొలవదు, ఎంత సృజన ఉందో కూడా చెప్పదు. ఏ తీరులో ఆలోచిస్తారో మాత్రమే చెబుతుంది. రెండు వైపులవాళ్ళూ కొత్తవి తీసుకొస్తారు. కాకపోతే మీటింగ్ గదిలో ఒక వైపు వాళ్ళే కనబడతారు.

మీ మేనేజర్‌కి పోస్ట్-ఇట్ కాగితాల కథ చెప్పండి. త్రీఎమ్ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో అతుక్కున్నా తేలిగ్గా ఊడిపోయే జిగురు తయారుచేశాడు. అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియలేదు, అయినా ఆయన కంపెనీలో అందరికీ దాని గురించి చెబుతూనే ఉన్నాడు. అది విన్నవాళ్ళలో ఆర్ట్ ఫ్రై ఒకడు. చర్చిలో పాడేటప్పుడు పాటల పుస్తకంలో పెట్టుకున్న గుర్తు కాగితాలు జారిపోతున్నాయని ఆయన ఇబ్బంది. 1974లో ఆ ఇబ్బందికి ఆ జిగురు కలిసింది. అమెరికా అంతటా అమ్మకానికి వచ్చేసరికి 1980. ‘నెలకు ఎన్ని ఆలోచనలు’ అని లెక్కేస్తే వీళ్ళిద్దరిలో ఎవరికి మార్కు వేస్తారు?

చేయాల్సింది చిన్నదే. మీ రికార్డులో ‘ఎవరు చెప్పారు’ పక్కన ‘ఎవరి ప్రశ్న వల్ల మారింది’ అని ఇంకో గడి పెట్టండి. పాత మెయిళ్ళు ముందేసుకుని ఏడు నెలలదీ మళ్ళీ నింపండి.

జవాబు 2: నేనూ మర్నాడు మెయిల్ పంపే మనిషినే

మీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పదకొండేళ్ళుగా ప్రతి ఉద్యోగంలోనూ నన్ను “ఇంకాస్త మాట్లాడాలి” అంటూనే ఉన్నారు.

మీటింగ్‌లో నాకు ఏమీ తోచక కాదు ఊరుకునేది. ఒకరు మాట్లాడుతుంటే వినాలి, నాకు తట్టింది మరిచిపోకుండా పట్టుకోవాలి, మధ్యలో సందు దొరకాలి. ఆ సందు దొరికేసరికి చర్చ ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. ఇది నా బలహీనతే అని చాలాకాలం అనుకున్నాను. తరవాత డీల్, స్ట్రోబె అనే ఇద్దరు పరిశోధకులు 1987లో చేసిన పని గురించి చదివాను. గుంపుగా కూర్చుని ఆలోచిస్తే ఆలోచనలు తగ్గడానికి ఒక పెద్ద కారణం, మాట్లాడే వంతు కోసం ఎదురుచూడాల్సి రావడమేనట. అంతకు ముందే 1958లో యేల్ యూనివర్సిటీలో నలుగురి గుంపులను, విడివిడిగా కూర్చున్న నలుగురిని పోల్చి చూశారు. విడిగా కూర్చున్నవాళ్ళవి కలిపితేనే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. అది చదివిన రోజు నా గుండె తేలికపడింది.

నాకు ఒక లీడ్ ఒకే ఒక్క పని చేసిపెట్టారు. మీటింగ్‌లో ఏ ప్రశ్న మీద మాట్లాడతామో ముందు రోజు సాయంత్రమే పంపేవారు. అంతే, ఆ టీమ్‌లో నేను మాట్లాడాను. ఇంకోటి, మొదటి పది నిమిషాలు అందరూ మౌనంగా రాయడం పెట్టండి. 1968లో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ చెప్పిన పద్ధతి ఒకటుంది. ఆరుగురు ఒక్కొక్కరు మూడు ఆలోచనలు ఐదు నిమిషాల్లో రాసి, కాగితం పక్కవారికి ఇస్తారు. అరగంటలో 108 ఆలోచనలు కాగితం మీదకొస్తాయి. అందులో పక్కవారిది చదివి దాని మీద కట్టేవే నాకు ఇష్టం. మీ టెస్టర్ గారికీ అదే నచ్చుతుందేమో.

ఆవిడను దయచేసి పంపించకండి.

జవాబు 3: ఒక డెవలపర్

నేను కొంచెం వేరేగా చెబుతాను, నొచ్చుకోకండి.

తీరులు కలిస్తే మంచిదని అందరూ అంటారు, ఆ కలయికకు అయ్యే ఖర్చు ఎవరూ చెప్పరు. పైన కిర్టన్ పేరు వచ్చింది కదా, ఇద్దరి తీరుల మధ్య దూరం పెరిగేకొద్దీ కలిసి పనిచేయడానికి ఎక్కువ శ్రమ పడాలని ఆయనే చెప్పారు. నేను పనిచేసిన ఒక టీమ్‌లో ప్రతిదానికీ అడ్డు చెప్పే మనిషి ఒకరుండేవారు. నాలుగు నెలలు ఒక్క అడుగు పడలేదు. కాబట్టి ముందు ఒకటి చూసుకోండి: ఆవిడ మెయిల్ వచ్చాక పని ఆగిపోతోందా, ఇంకో ఆలోచన పుడుతోందా? మీ వణుకు కథలో ఇంకోటి పుట్టింది. అలాంటివి ఇంకా ఉన్నాయా, లేక అదొక్కటేనా?

మీ పోస్టంతా ఆవిడ గురించే ఉంది. ఆ డెవలపర్ సంగతేమిటి? మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. అతను ఆ రాత్రే కూర్చుని కోడ్ రాసుంటాడు, నేనైతే రాసేవాణ్ణి. మర్నాడు మధ్యాహ్నం మెయిల్ వస్తే రాత్రి పనంతా పోతుంది. నిలబడని ఆలోచన పోతే బాధ ఉండదు, కానీ రాసిన కోడ్ పోతే ఉంటుంది. అతను ఎప్పుడైనా మీతో అన్నాడా?

ప్రశ్న అడిగినవారి నుంచి: తొమ్మిది రోజుల తరవాత

అందరికీ కృతజ్ఞతలు. మూడో జవాబు చదివి కాస్త కోపం వచ్చింది. మర్నాడు డెవలపర్‌ని విడిగా అడిగాను. రెండుసార్లు రాత్రంతా రాసింది కొట్టేయాల్సి వచ్చిందట. “ఆవిడ చెప్పేది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, అందుకే ఏమీ అనలేకపోయాను” అన్నాడు. రెండేళ్ళుగా పక్కనే ఉండి ఇది నాకు తెలియదు.

ఏడు నెలల మెయిళ్ళూ తిరగేశాను. మొత్తం 23. పదకొండింటి తరవాత మేం చేస్తున్నది మారింది, నాలుగింటి వల్ల పూర్తిగా కొత్తది పుట్టింది. ఐదింటి వల్ల పని ఆగిపోయింది. వాటిలో రెండు ఆగకుండా ఉండాల్సిందని ఆవిడే అన్నారు. ఆ 23లో మిగిలిన మూడు మెయిళ్ళకు మేం జవాబే ఇవ్వలేదు. అది నా తప్పు.

ఈ లెక్క మేనేజర్ ముందు పెట్టాను. నెలవారీ లెక్క ఆపనన్నారు. కానీ కొత్త గడికి ఒప్పుకున్నారు, వచ్చే విడుదల దాకా ఎవరినీ కదపనన్నారు.

నిన్న మొదటిసారి పది నిమిషాలు మౌనంగా రాశాం. డెవలపర్‌కి చాలా కష్టమైంది, పెన్ను తిప్పుతూ గడియారం చూస్తూ కూర్చున్నాడు. నేను అసలు ఊహించనిది ఏమిటంటే, వచ్చిన 19 చీటీల్లో ఎక్కువమందికి నచ్చిన రెండూ మా డిజైనర్‌వి. ఆమె తక్కువ మాట్లాడుతుందని కూడా నేను ఎప్పుడూ గమనించలేదు. ఇద్దరి గురించి ఆలోచిస్తూ మిగతా నలుగురినీ చూడటం మానేశాను.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. మీటింగ్ అయిన మర్నాడు సాయంత్రం దాకా ఎవరూ కోడ్ మొదలుపెట్టకూడదు. ఇది అడిగింది డెవలపరే. దానికి బదులుగా మెయిల్ ఆ లోపే పంపుతానని టెస్టర్ మాటిచ్చారు.

అందరి ముందూ ఒత్తిడి చేసినందుకు ఆవిడకు క్షమాపణ చెప్పాను. “మెయిళ్ళు చదువుతున్నారని తెలిస్తే చాలు” అన్నారు. ఆ మూడింటికీ ఆ రాత్రే జవాబు రాశాను.

వచ్చే మంగళవారం నెట్‌వర్క్ లేనప్పుడు స్కానర్ ఏం చేయాలన్న దాని మీద కూర్చుంటున్నాం. ప్రశ్న సోమవారం సాయంత్రమే అందరికీ వెళ్తుంది. రోర్‌బాఖ్ పద్ధతి కూడా చేసి చూస్తాం. మేం ఏడుగురం కదా, నేను రాయకుండా కాగితాలు అందిస్తాను.