ఆరేళ్ల పాపకు జిమ్నాస్టిక్స్: ఊళ్లోనే చేర్పించాలా, హైదరాబాద్ తిప్పాలా?

పానగల్లు గట్టు
మాది నల్లగొండ. పాపకు ఆరున్నరేళ్లు, ఒకటో తరగతి. నడక వచ్చిన దగ్గర నుంచి మంచం మీద పిల్లిమొగ్గలే. ఇప్పుడు గోడకు కాళ్లు ఆనించి తలకిందులుగా ఎక్కాలు చదువుతోంది. స్కూల్లో డాన్స్ టీచర్ చూసి జిమ్నాస్టిక్స్‌లో వేయమన్నది.

దగ్గర్లో ఒక హాలుంది. పొద్దున యోగా, సాయంత్రం కరాటే, వారానికి మూడు రోజులు జిమ్నాస్టిక్స్. అన్నీ ఒకే సారు చెప్తాడు. కింద టైల్స్, వాటి మీద ముక్కలు కలిపి పరిచే స్పాంజి మ్యాట్లు. బీమ్ (పైన నడిచే సన్నటి దుంగ), బార్స్ (పట్టుకుని ఊగే కడ్డీలు) లేవు. ఇంకో దారి, ఆదివారాలు హైదరాబాద్. దిల్‌సుఖ్‌నగర్‌లో మా అక్క ఉంది, అక్కడి క్లబ్బులో సామాన్లన్నీ ఉన్నాయి. కానీ పోను వంద కిలోమీటర్లు, రాను వంద. మా ఆయన "నీ ఇష్టం" అని తప్పుకున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల జంక్షన్
అక్కా, ఆ హాలు వద్దు. రెండో ఆలోచనే వద్దు. ఆ రంగురంగుల మ్యాట్లు పసిపిల్లలు కూర్చుని ఆడుకోవడానికి, పల్టీలు కొట్టడానికి కాదు. అతుకుల దగ్గర విడిపోతాయి, కాలివేళ్లు ఇరుక్కుంటాయి. మా బాబు ఎనిమిదేళ్లప్పుడు అట్లాంటి దాని మీదే పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి తీగలు వేశారు. ఇప్పటికీ చెయ్యి పూర్తిగా చాపలేడు. మీరు పోయి చూడాల్సింది ఒక్కటే: మందపాటి ల్యాండింగ్ మ్యాట్ ఉందా, లేదా. లేదంటే చెప్పులు వేసుకుని తిరిగి రండి.

రిటైర్డ్ పీఈటీ, హాలియా
మ్యాట్ చూసి క్లబ్బును తేల్చడమంటే పొయ్యి చూసి వంట రుచి చెప్పడమే. ముప్పై ఏళ్లు బడుల్లో పిల్లలతో పల్టీలు కొట్టించాను. మాకు మ్యాట్లెక్కడివి? వరిగడ్డి పరిచి పైన గోనెపట్టాలు కప్పేవాళ్లం. ఎవరికీ ఏం కాలేదు. త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ మొదట్లో పాత స్కూటర్ విడిభాగాలతో చేసిన సామాను మీద సాధన చేసిందని పేపర్లలో చదివాం. ఆ అమ్మాయే 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో, అంటే పరుగెత్తి వచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాలిలో పల్టీ కొట్టి దిగే పోటీలో, నాలుగో స్థానంలో నిలిచింది. కంచు పతకం 0.15 పాయింట్లలో పోయింది. కరాటే సారని కూడా తీసిపారేయకండి. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కంచు పతకం తెచ్చిన మన హైదరాబాద్ అమ్మాయి అరుణారెడ్డి చిన్నప్పుడు కరాటే నేర్చుకునే ఇటు మారింది.

చూడాల్సింది మనిషిని. పల్టీ కొట్టే బిడ్డ నడుము కింద చెయ్యి పెడుతున్నాడా? ఒక్కసారికి ఎంతమందిని దింపుతున్నాడు? మణికట్లు, మెడ వేడెక్కకముందే చేతుల మీద నిలబెడుతున్నాడా? స్ప్లిట్ (కాళ్లు రెండూ చాపి నేలకు ఆనించడం) రాలేదని బిడ్డ భుజాల మీద బరువు వేసి నొక్కుతున్నాడా? నొక్కితే అక్కడి నుంచే వెనక్కి రండి.

మిర్యాలగూడ మిల్లు
సార్, గడ్డి మీద పడి మెడ పట్టుకుపోయినా మీకెవరు చెప్పేవాళ్లు? చెప్తే ఇంట్లో ఇంకో రెండు పడేవి.

జడ్చర్ల జంక్షన్
దీపా పేరు అందరూ చెప్తారు. అట్లాంటి సామాన్ల మీద పడి ఇంటికి పోయినవాళ్ల పేర్లు ఎవరు చెప్తారు సార్? మ్యాట్ మందం ఎంతుండాలో అది చెప్పండి.

కొత్తకోట నాన్న
హైదరాబాద్ గురించి నేను చెప్తా, రెండేళ్లు తిరిగినవాణ్ని. ఆదివారం తెల్లారక ముందే లేపేవాళ్లం. షాద్‌నగర్ దాటేలోపు పాపకు ఒక వాంతి ఖాయం. అక్కడి పిల్లలు వారానికి ఐదారు రోజులు చేస్తారు, మాది ఒక్క రోజు. మా పాప నేర్చుకున్నది మళ్లీ ఆదివారానికి సగం మరిచేది. చివరి వరుసలోనే రెండేళ్లు గడిచాయి. పదేళ్లు నిండాయి, ఒకరోజు సంచి సర్దుకోలేదు. అంతే.

ఇంకో సంగతి. "నేషనల్స్" అని చెప్పి మా దగ్గర ఎంట్రీ ఫీజు, డ్రెస్సు డబ్బులు వసూలు చేసి ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. తర్వాత కనుక్కుంటే ఆ సంఘానికి గుర్తింపే లేదు, స్పోర్ట్స్ కోటాలో చెల్లదట. ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టాం కూడా. ఆ మేకు ఇంకా ఉంది.

రిటైర్డ్ పీఈటీ, హాలియా
కోటా దృష్టి ఉంటే హకీంపేట స్పోర్ట్స్ స్కూలు చూడండి. నాలుగో తరగతికి తీసుకుంటారు. పరుగు, దూకడం, ఒంటి వంపు పరీక్షిస్తారు. అమ్మాయికి ఇంకా టైముంది.

పానగల్లు గట్టు
నేను కోటా అడగలేదు సార్. పిల్ల మంచం విరగ్గొడుతోందని అడిగాను.

సాగర్ సిస్టర్
నర్సుగా చెప్తున్నా. క్లాసు జరిగేటప్పుడు తల్లిదండ్రులను లోపలికి రానివ్వని చోటు ఎంత పెద్ద క్లబ్బయినా వద్దు. అమెరికా జిమ్నాస్టిక్స్ టీమ్ డాక్టరే వైద్యం పేరుతో ఏళ్ల తరబడి ఆడపిల్లలను పాడుచేశాడు. 2018 జనవరిలో కోర్టు 40 నుంచి 175 ఏళ్ల శిక్ష వేసింది. అంత పేరున్న చోటే అట్లా జరిగింది.

దేవరకొండ పెద్దాయన
ఆడపిల్లకు ఆ బిగుతు బట్టలు, ఆ సర్కసు ఎందుకమ్మా?

సాగర్ సిస్టర్
తాతా, టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు మడమల దాకా కప్పే బట్టలతోనే ఆడారు. రూల్ ఒప్పుకుంటుంది. నల్లగొండలో లెగ్గింగ్స్‌తో పల్టీ కొడితే ఎవరూ ఆపరు.

జడ్చర్ల జంక్షన్
బట్టలు, కోటా అన్నీ అయినయి. మ్యాట్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

రిటైర్డ్ పీఈటీ, హాలియా
తమ్ముడూ, నేనే ఎత్తుతా. మీ బాబు ఏం చేస్తూ పడ్డాడు? చేరిన ఎన్ని నెలలకు?

జడ్చర్ల జంక్షన్
మ్యాట్ మంచిదైతే ఏం చేస్తూ పడినా చెయ్యి విరగదు.

రిటైర్డ్ పీఈటీ, హాలియా
విరుగుతుంది. నేలకు చెయ్యి తప్పుగా ఆనిస్తే పరుపు మీద కూడా విరుగుతుంది. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

జడ్చర్ల జంక్షన్
పెన్షన్ తీసుకుంటూ కూర్చుని ప్రశ్నలు వేయడం సులువే. విరిగింది మీ మనవడి ఎముక కాదు కదా. మీలాంటి సార్లు "ఏం కాదు, ఏం కాదు" అంటూ మా పిల్లలను పడేస్తారు.

మిర్యాలగూడ మిల్లు
అన్నలూ, అక్క అడిగింది పాప గురించి.

జడ్చర్ల జంక్షన్
నిద్ర పట్టక రాస్తున్నా. సార్ అడిగిందానికి జవాబు: వెనక్కి పల్టీ. చేరిన నాలుగు నెలలకు. స్కూల్ యాన్యువల్ డే ఉండె. బంధువులందరికీ వీడియో పంపుతానని చెప్పుకున్నా. "నెలనెలా ఫీజు కడుతున్నాం, స్టేజీ మీద ఒక్క పల్టీ కూడా లేకపోతే ఎట్లా" అని నేనే కోచ్‌ను అడిగాను. ఇప్పుడే వద్దన్నాడు. వారం తర్వాత మళ్లీ అడిగాను, సరేనన్నాడు. పడ్డప్పుడు నేను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నా. మ్యాట్ పలచగా ఉన్న మాట నిజం. ఇది కూడా నిజమే. ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు.

రిటైర్డ్ పీఈటీ, హాలియా
రెండోసారి అడిగితే సరేనన్నవాడిదే పెద్ద తప్పు. అది ఆయన చూసుకోవాలి. ఇక నా సంగతి. జిల్లా పోటీలంటే నేనూ పిల్లలను తొందరపెట్టినవాణ్నే. ఎవరికీ ఏం కాలేదని పైన రాశాను. నాదాకా వచ్చినంతవరకు కాలేదు. మిల్లు ఆయన అన్నది నిజమే కావొచ్చు.

అమ్మా, అంతర్జాతీయ పోటీల్లో అమ్మాయిలు సీనియర్లతో ఆడాలంటే ఆ ఏడాదికి 16 నిండాలి. 1997 నుంచి ఇదే రూలు. ఉజ్బెకిస్తాన్ జిమ్నాస్ట్ చుసోవితినా 46 ఏళ్ల వయసులో టోక్యోలో వాల్ట్ చేసింది. మీ పాపకు ఆరున్నర.

కొత్తకోట నాన్న
జడ్చర్ల అన్నా, బాబు ఇప్పుడేం చేస్తున్నాడు?

జడ్చర్ల జంక్షన్
క్యారమ్స్ బాగా ఆడుతాడు.

పానగల్లు గట్టు
నిన్న ఆ హాలుకు పోయి గంటసేపు కూర్చున్నాం. రానివ్వడానికి సారు ఇబ్బంది పడలేదు. ఎనిమిది మంది పిల్లలున్నారు. మా పాప "చక్రం వేస్తా" అంటే వద్దన్నాడు. గంటలో ముప్పావు వంతు పడడమే నేర్పించాడు: గడ్డం ఛాతీకి ఆనించి గుండ్రంగా దొర్లడం, చేతులు వెనక్కి పెట్టకుండా కూర్చున్నట్టు పడడం. "పల్టీ ఎప్పుడు?" అని కావాలనే అడిగాను. "ఈ ఏడాది అడగొద్దు మేడమ్" అన్నాడు. బీమ్, బార్స్ మా దగ్గర కుదరవు, ఇంకా ఇష్టముంటే ఎనిమిదేళ్లప్పుడు హైదరాబాద్ చూసుకోమని ఆయనే చెప్పాడు.

పాప మాత్రం దారంతా ఏడుపు. "పడడం నాకు ముందే వచ్చు కదా" అంటుంది. ఒకటో తారీఖు నుంచి పంపుతున్నాం.

జడ్చర్ల జంక్షన్
మంచిది అక్కా. మ్యాట్ మందం కొలిచారా?

పానగల్లు గట్టు
స్కేలు మరిచిపోయాను తమ్ముడూ. సోమవారం తీసుకుపోతా.