ఘాట్ ఎక్కితే హైబ్రిడ్ బ్యాటరీ దిగిపోతోంది: కారణం ఎత్తా, వాలా?

అరండల్‌పేట అల్లుడు (గుంటూరు)

మొన్న కుటుంబంతో తిరుమల వెళ్లొచ్చాం. ఐదుగురం, డిక్కీ నిండా సామాను. కారు 1.5 లీటర్ పెట్రోల్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, ఒంటరిగా కూడా బండిని నడపగల మోటార్, దానికో బ్యాటరీ ఉంటాయి), కొని ఏడాదయింది. ఒంగోలు, నెల్లూరు దాటి తిరుపతి చేరేదాకా బ్యాటరీ గుర్తులో ఎనిమిది గీతలకు ఐదారు ఎప్పుడూ ఉన్నాయి. అలిపిరి టోల్ గేటు దాటి రెండో ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక నాలుగైదు కిలోమీటర్లలోనే రెండు గీతలకు వచ్చేసింది. అక్కడి నుంచి పైదాకా ఇంజిన్ ఒకటే హోరు. వెనక సీట్లో మా మామగారికి టెన్షన్. "బ్యాటరీ అయిపోతే కారు మలుపులో ఆగిపోతుందేమో బాబూ" అని రెండుసార్లు అడిగారు.

దిగేటప్పుడు ఇంకో వింత. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం రాకముందే ఎనిమిది గీతలూ నిండిపోయాయి. ఆ తర్వాత దిగుడులో కూడా మళ్లీ ఇంజిన్ హోరు! యాక్సిలరేటర్ మీద కాలు కూడా లేదు. కారు కొన్నచోట అడిగితే "అది అంతేనండి" అన్నారు తప్ప ఎందుకో చెప్పలేదు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పల్చబడి బ్యాటరీలో చార్జ్ నిలవదని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా? ఏటా రెండుసార్లు తిరుమల, ఒకసారి శ్రీశైలం వెళ్లే ఇల్లు మాది. హైబ్రిడ్ కొని పొరపాటు చేశామా?

బెంజి సర్కిల్ డీజిల్ (విజయవాడ)

పొరపాటే అన్నా, సూటిగా చెబుతున్నా. ఇరవై ఏళ్లుగా డీజిల్ బండ్లు నడుపుతున్నాను. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ లెక్కలేనన్నిసార్లు ఎక్కాను. తక్కువ ఆర్‌పీఎంలో లాగే బలం డీజిల్‌కే ఉంటుంది. గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే టర్బో ఉంది కాబట్టి గాలి కాస్త పల్చబడినా తట్టుకుంటుంది. హైబ్రిడ్ ఊళ్లో తిరగడానికి బాగుంటుంది. ఘాట్ మీద ఆ బ్యాటరీ పది నిమిషాల ముచ్చట, ఆ తర్వాత మిగిలేది మామూలు పెట్రోల్ ఇంజిన్, పైగా బ్యాటరీ బరువు.

బ్రాడీపేట ఫిజిక్స్ (గుంటూరు)

పది నిమిషాల ముచ్చట అన్న మాట నిజమే. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది, మిగతా సందేహాలూ అందులోనే తీరతాయి.

గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లలో బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్. ఇంటి కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే ముప్పావు యూనిట్. నెక్సాన్ ఈవీ లాంటి పూర్తి ఎలక్ట్రిక్ కారులో 30 యూనిట్లు, ఆ పైన ఉంటుంది. పైగా ఈ ముప్పావు యూనిట్‌ను కూడా కారు పూర్తిగా వాడుకోనివ్వదు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని అడుగున కొంత, పైన కొంత వదిలేసి దాదాపు సగంలోనే తిప్పుతుంది. అంటే చేతికి వచ్చేది మూడో వంతు యూనిట్, లేదా ఇంకాస్త.

ఇక కొండ. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్లు. అలిపిరి నుంచి చూసుకుంటే ఎక్కేది 700 మీటర్లకు అటూఇటూ. ఐదుగురు, సామానుతో కారు బరువు 1,650 కిలోలు అనుకోండి. బరువు, ఎత్తు, 9.8 మూడూ గుణిస్తే కోటీ పదమూడు లక్షల జౌళ్లు, అంటే మూడు యూనిట్ల పైచిలుకు. ఇది బరువును పైకి ఎత్తడానికి మాత్రమే. టైర్ల రాపిడి, ఏసీ వేరే. మూడు యూనిట్ల పనికి మూడో వంతు యూనిట్ ఉన్న బ్యాటరీ ఏ మూలకు? మొదటి ఐదు కిలోమీటర్లలో చేతులెత్తేస్తుంది. మీకు జరిగింది సరిగ్గా అదే.

దిగేటప్పుడు ఇదే తిరగబడుతుంది, చక్రాలే మోటార్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తాయి. రాపిడికి, గాలికి, మోటార్‌లో వేడికి పోగా ఒక యూనిట్‌కు పైగా వెనక్కి రావాలి. పట్టేది మళ్లీ మూడో వంతే. పంపు ధారగా పోస్తున్నా చెంబు చెంబుడే పడుతుంది కదండీ, మిగతాది నేలపాలే. కాబట్టి మీ బావమరిది గారు తప్పు పట్టాల్సింది గాలిని కాదు, చెంబు సైజును.

తెనాలి నుంచి లే దాకా

మాస్టారి లెక్క బాగుంది, కానీ ఎత్తును పూర్తిగా వదిలేశారు. అక్కడ నేను ఒప్పుకోను. మిత్రుడి హైబ్రిడ్‌లో లద్దాఖ్ వెళ్లాను. ఖర్దుంగ్ లా 5,300 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి మన తీరంలో ఉన్నదానికి సగమే. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ బలం కూడా దాదాపు సగానికి పడిపోతుంది. ఇంజిన్‌కు బండిని లాగే ఓపికే చాలకపోతే ఇక బ్యాటరీని నింపేదెవరు? ఆఖరి మలుపుల్లో మాకు గీత ఒక్కటే మిగిలింది, ఎంతసేపటికీ రెండోది రాలేదు. మాట్లాడుకోవడం మానేసి ముగ్గురం ఆ గీతనే చూస్తూ కూర్చున్నాం. ఎత్తుకు సంబంధమే లేదంటే ఎలా?

బ్రాడీపేట ఫిజిక్స్

మీరన్నది నిజం, నేను చెప్పకుండా వదిలేయడం తప్పే. ఎత్తు దెబ్బ తగిలేది ఇంజిన్‌కు, బ్యాటరీకి కాదు. బ్యాటరీ సీలు వేసిన డబ్బా, అది గాలి పీల్చదు. మోటార్ కూడా అంతే, సముద్రం ఒడ్డున ఎంత లాగుతుందో లద్దాఖ్‌లోనూ అంతే లాగుతుంది. ఇంజిన్ నీరసించినప్పుడు ఆ లోటు బ్యాటరీ మీద పడుతుంది, అందుకే మీకు గీత పెరగలేదు. కానీ తిరుమల ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గేది పది శాతం లోపే. మన రాష్ట్రంలో కారు ఎక్కే ఏ కొండ మీదైనా వాలుదే పెత్తనం. అరకు కూడా 900 మీటర్ల చిల్లరే.

ఆటోనగర్ వైరింగ్ (విజయవాడ)

అల్లుడు గారూ, ముందు మీ మామగారి భయం తీర్చండి. బ్యాటరీ రెండు గీతలకు వచ్చినా ఈ కార్లు ఆగవు. ఇంజిన్ జనరేటర్‌ను తిప్పుతూనే ఉంటుంది, ఆ కరెంటు బ్యాటరీతో పని లేకుండా నేరుగా మోటార్‌కు వెళ్తుంది. మీరు విన్న హోరు అదే. గీతలు అడుగుకు వచ్చినా లోపల నిజంగా ఖాళీ కాదు, మాస్టారు చెప్పినట్టు కొంత దాచి ఉంచుతుంది.

దిగుడులో హోరు సంగతి. బ్యాటరీ నిండాక బ్రేకింగ్‌తో పుట్టే కరెంటుకు చోటుండదు. అప్పుడు కారు ఇంజిన్‌ను ఊరికే తిప్పి, ఆ బరువుతో బండిని ఆపుతుంది. సౌండ్ ఉంటుంది కానీ పెట్రోల్ చుక్క పడదు. భయపడి న్యూట్రల్‌లో వేయకండి, అది మాత్రం ప్రమాదం. గేర్ లివర్‌లో "బి" (ఇంజిన్ బ్రేకింగ్) ఉంటే దిగుడు మొదట్లోనే వేయండి. బ్రేకులు కాలవు.

మీరెవరూ అనని మాట ఒకటి ఉంది. మన ఊళ్లలో బ్యాటరీకి అసలు శత్రువు కొండ కాదు, మే నెల. చాలా మోడళ్లలో వెనక సీటు పక్కనో కిందో చిన్న జాలీ ఉంటుంది. క్యాబిన్‌లోని చల్లగాలి పీల్చి బ్యాటరీని చల్లబరిచే దారి అది. ఒకసారి ఒకాయన "ఘాట్‌లో చార్జ్ అసలు ఎక్కడం లేదు" అని బండి తెచ్చారు. వెనక డోర్ తీసి చూస్తే ప్రసాదం లడ్డూల సంచి ఆ జాలీకి అంటుకుని ఉంది. సంచి తీసి టార్చి వేస్తే లోపల ఫిల్టర్ మీద అర అంగుళం మందాన బూడిదరంగు దుమ్ము, అందులో చిక్కుకున్న తలవెంట్రుకలు, ఎండిపోయిన మల్లెరేకులు. బ్యాటరీ వేడెక్కితే కారే చార్జింగ్ తగ్గించేస్తుంది. శుభ్రం చేసి పంపాను, మళ్లీ ఆ కంప్లయింట్ రాలేదు.

లబ్బీపేట శారద (విజయవాడ)

నా కారుకు వెనక "హైబ్రిడ్" అని రాసి ఉంది, నాకు ఈ గీతలేమీ కనపడవు. ఘాట్‌లో ఏ తేడా లేదు.

ఆటోనగర్ వైరింగ్

అక్కా, మీది మైల్డ్ హైబ్రిడ్ అయి ఉంటుంది. అందులో మోటార్ ఇంజిన్‌కు చిన్న సాయం చేస్తుందంతే, ఒంటరిగా బండిని నడపదు. ఈ చర్చ దానికి వర్తించదు.

బెంజి సర్కిల్ డీజిల్

మాస్టారి లెక్క నా మాటనే బలపరుస్తోంది కదా? కొండ దిగేటప్పుడు వచ్చేదంతా నేలపాలైతే హైబ్రిడ్‌కు ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి? గేర్‌లో ఉండి కాలు తీసేస్తే నా డీజిల్ కూడా దిగుడులో చుక్క తాగదు.

బ్రాడీపేట ఫిజిక్స్

పెద్ద ఘాట్ వరకూ మీ మాట కాదనలేను. కానీ కొండ సైజు మారితే ఫలితం మారుతుంది. మన కనకదుర్గ ఫ్లైఓవర్‌నే తీసుకోండి. ఫ్లైఓవర్ ఎత్తు పది మీటర్లు అనుకుంటే యూనిట్‌లో ఇరవయ్యో వంతు చాలు. ఎక్కేటప్పుడు బ్యాటరీ ఇస్తుంది, దిగేటప్పుడు చాలావరకు వెనక్కి తీసుకుంటుంది. చెంబు పొంగదు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్‌కు ఆగి కదలడమూ అలాంటిదే. చిన్న ఎత్తుపల్లాలు ఎన్ని ఉంటే హైబ్రిడ్‌కు అంత లాభం. ఒకే ఒక్క పెద్ద కొండ దానికి కలిసిరాదు.

అరండల్‌పేట అల్లుడు

అందరికీ ధన్యవాదాలు. మాస్టారి మాట పట్టుకుని నిన్న నేనూ మా బావమరిదీ నరసరావుపేట మీదుగా కోటప్పకొండ వెళ్లాం. గుడి ఆరువందల అడుగుల ఎత్తున ఉంటుంది, తిరుమలలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. ఇద్దరమే, సామాను లేదు. కొండ కింద ఏడు గీతలతో మొదలుపెట్టాం, పైకి చేరేసరికి మూడు. ఇంజిన్ పని చేసింది కానీ తిరుమలలోలాగా హోరెత్తలేదు. దర్శనం చేసుకుని "బి"లో దిగాం. ఎనిమిదో గీత వెలిగేసరికి కొండ అడుగున ఆర్చి కనపడుతోంది. దిగుడులో ఇంజిన్ చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు. కొండ చిన్నదైతే చెంబు సరిపోతుందన్న మాట కళ్లారా చూశాను. మా బావమరిది కూడా గాలి సంగతి మళ్లీ ఎత్తలేదు.

తిరుమలలో ఫోన్‌లో తీసిన ఫొటోలు కూడా వెతికాను. పైన పార్కింగ్‌లో తీసినదానిలో మైలేజీ లీటరుకు 11. కింద అలిపిరికి వచ్చాక తీసినదానిలో, ఎక్కింది దిగింది కలిపి, 22. బ్యాటరీ గుర్తును చూసి బెంగపడ్డాం గానీ మొత్తం మీద పెట్రోల్ ఏమీ ఎక్కువ తాగలేదు.

జాలీ కూడా చూశాను. మా అమ్మాయి స్కూల్ బ్యాగు రోజూ పెట్టే చోటు అదే.

బెంజి సర్కిల్ డీజిల్

22 అంటే మంచి మైలేజీనే, ఒప్పుకుంటాను. కానీ కోటప్పకొండ ఘాట్ కిందకు రాదు అన్నా. శ్రీశైలం రండి. వచ్చే ఆదివారం మీ హైబ్రిడ్, నా డీజిల్, ఇద్దరం గుంటూరులో ట్యాంకులు నింపుకుని, అవే నలుగురేసి మనుషులతో వెళ్దాం. తిరిగొచ్చి అదే బంకులో మళ్లీ నింపితే ఎవరిది ఎంత తాగిందో బిల్లే చెబుతుంది. అడవి దారి కాబట్టి రాత్రిపూట దోర్నాల గేటు మూసేస్తారు, పొద్దున్నే బయల్దేరాలి. వినుకొండలో టిఫిన్ దగ్గర కలుద్దాం. ఆ స్కూల్ బ్యాగు మాత్రం ఇంట్లో పెట్టి రండి.