కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాదిలో రసాయనశాస్త్రం తప్పనిసరిగా ఉండాలా?

విద్యార్థి తండ్రి, కొర్లగుంట, తిరుపతి:
మా అబ్బాయి ఈ సంవత్సరం బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరాడు. ఇంటర్‌లో రెండేళ్ళు రసాయనశాస్త్రం చదివి, ఈఏపీసెట్‌లో 160 మార్కులకు గాను 40 మార్కులు ఆ సబ్జెక్టుకే రాసి వచ్చినవాడికి మళ్ళీ దానినే తప్పనిసరి చేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. సి ప్రోగ్రామింగ్ వాడికి పూర్తిగా కొత్త. రాత్రి పదకొండింటి దాకా రసాయనశాస్త్రం రికార్డు రాస్తూనే ఉంటాడు గాని, ప్రోగ్రామింగ్ పుస్తకం తెరిచే తీరిక వాడికి చిక్కడం లేదు. ఆ గంటలను ప్రోగ్రామింగ్‌కు కేటాయించాలని కోరడం తప్పా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చిత్తూరు:
మీతో ఏకీభవిస్తున్నానండి. పన్నెండేళ్ళ ఉద్యోగంలో నాకు టైట్రేషన్‌తో (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే ప్రయోగం) ఒక్కనాడూ పని పడలేదు. పైగా 1970ల నాటి సి భాషకు బదులు పైథాన్‌తో మొదలుపెడితే పిల్లలకు భయం తగ్గుతుంది.

రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, తిరుపతి:
అయ్యా, మీ అబ్బాయి రాత్రిపూట రాస్తున్నది రసాయనశాస్త్రం కాదు, పాత రికార్డుకు నకలు అని నా భయం. ఆ నకలును నేనూ సమర్థించను. కానీ ప్రయోగశాలలో జరగవలసిన పని వేరు.

నీటి కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, కొలిచే ప్రయోగాన్నే తీసుకోండి. మా విద్యార్థులను ఇంటి బోరు నీళ్ళు సీసాలో తెమ్మంటాను. వేడినీళ్ళ గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొరను చూస్తూ పెరిగిన పిల్లలే గనుక, ఆ కాఠిన్యం ఎంతో తెలుసుకోవాలన్న కుతూహలం వారికి ఉంటుంది. 50 మిల్లీలీటర్ల నీటికి క్షారత్వాన్ని పీహెచ్ 10 దగ్గర నిలిపి ఉంచే అమ్మోనియా బఫర్‌ను, రంగు మార్పుతో ముగింపును తెలిపే ఎరియోక్రోం బ్లాక్-టి సూచికను కలిపితే ద్రవం ద్రాక్షసారా రంగులోకి వస్తుంది. బ్యూరెట్ (కొలత గీతలున్న సన్నని గాజు గొట్టం) నుంచి, ఆ లవణాలను పట్టుకునే 0.01 మోలార్ గాఢత గల ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతుంటే, ఎర్రదనం పూర్తిగా విరిగి స్వచ్ఛమైన నీలం తేలే ఆ ఒక్క చుక్క దగ్గర చేయి ఆగాలి. ఒక అమ్మాయికి 18.6 మిల్లీలీటర్లు పట్టింది. దానిని 50తో భాగించి 1000తో గుణిస్తే కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 372 మిల్లీగ్రాములని వస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన పరిమితి 200. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 600 వరకు అనుమతి ఉంది.

ఆ అమ్మాయి ఇదే లెక్కకు సి ప్రోగ్రాం రాస్తే జవాబు సున్నా వచ్చింది. రీడింగును పూర్ణాంకంగా ప్రకటించడంతో 18.6 కాస్తా 18గా మిగిలింది. 18ని 50తో భాగిస్తే, దశాంశాలను వదిలేసే పూర్ణాంక భాగహారంలో సున్నాయే. ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఏ తప్పూ చూపలేదు. బోరు నీళ్ళ కాఠిన్యం సున్నా కాదని చేత్తో కొలిచిన ఆమెకు తెలుసు కాబట్టే ఆ ప్రోగ్రాంను ఆమె నమ్మలేదు. రసాయనశాస్త్రాన్ని తీసివేస్తే ఈ అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
పైథాన్ 3లో అదే భాగహారం 0.36 అని వస్తుంది, మేడం గారూ.

అధ్యాపకురాలు:
నిజమే. అయితే 18.6లోని దశాంశం ముందే పోయి ఉంటే, 0.36ను 1000తో గుణించాక అక్కడ 360 వస్తుంది. సున్నా అయితే కంటికి కొడుతుంది, 360 నిజంలాగే కనిపిస్తుంది. చేతిలో 372 ఉన్నవారే దానిని పట్టుకోగలరు.

విద్యార్థి తండ్రి:
మీరు చెప్పినట్లు జరిగితే నాకు అభ్యంతరం లేదమ్మా. కానీ మావాడి కళాశాలలో నలుగురైదుగురికి కలిపి ఒకే బ్యూరెట్ ఇస్తున్నారట. ఒకరు చేస్తే మిగతావారు రీడింగు రాసుకుంటున్నారట. అలాంటి చోట కూడా తప్పనిసరి అనడం సబబేనా?

అధ్యాపకురాలు:
సబబు కాదు. అయితే అక్కడ కోరవలసింది మరిన్ని బ్యూరెట్లను, రికార్డు పుటల తగ్గింపును. ఈ ఆదివారం మీ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి మీ అబ్బాయి చేత తరగతికి పంపండి. తన వంతు టైట్రేషన్ తానే చేస్తానని వాడిని అడగమనండి.