రాత్రి హైవే మీద ఆగి ఉన్న లారీకి ఆటో బ్రేక్ పడుతుందా?

నైట్‌డ్రైవ్: కొత్త కారులో ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఉంది. రాత్రిపూట హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఎక్కువ తిరుగుతాను, టెయిల్ లైట్లు లేని లారీల్ని ఒక్కోసారి లేన్‌లోనే ఆపేస్తారు కదా, వంద స్పీడ్‌లో ఉంటే కారు దానంతట అదే ఆగుతుందా?

స్పానర్: అస్సలు నమ్ముకోకండి. ముందు ఏముందో పసిగట్టే కారులోని రాడార్‌కి సైన్‌బోర్డు, ఫ్లైఓవర్, ఆగిన లారీ అన్నీ కదలని వస్తువులే, అన్నిటికీ బ్రేక్ వేస్తే ప్రయాణమే సాగదు కాబట్టి చాలా సిస్టమ్‌లు స్పీడ్ ఎక్కువున్నప్పుడు అలాంటివాటిని పక్కన పెట్టేస్తాయి, కెమెరా కూడా ఔనంటేనే బ్రేక్. చీకట్లో గడ్డి లోడు పొంగిపోయిన ట్రాక్టర్‌ని కెమెరా బండి అని గుర్తుపట్టాలిగా! ఎంత స్పీడ్ వరకు పనిచేస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది, చూడండి.

గోదారోడు: మనుషుల విషయంలోనూ అంతే. అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే రోడ్డు భద్రతా పరిశోధన సంస్థ 2022లో చెప్పిందేంటంటే, ఈ బ్రేకింగ్ ఉన్న కార్లు పాదచారులను గుద్దడం మొత్తమ్మీద 27 శాతం తక్కువే గానీ, వీధి దీపాల్లేని చీకటి రోడ్ల మీద ఏ తేడా లేదు. మన హైవేలు చాలావరకు అవే.

నైట్‌డ్రైవ్: వానలో?

స్పానర్: అద్దం మీద బురద పడినా చాలు, డ్యాష్‌బోర్డులో మెసేజ్ ఇచ్చి ఆఫ్ అయిపోతుంది. కెమెరా ముందు అద్దం తుడుస్తుండండి.

బంజారాబాబు: నా టెన్షన్ వేరే, సిటీలో ఆటో అడ్డంగా దూరితే సడన్‌గా బ్రేక్ కొట్టేస్తుంది, వెనక బైక్ వాడి తిట్లు నాకు. వార్నింగ్ సెన్సిటివిటీ తగ్గించి పెట్టుకున్నా.