అప్‌డేట్: ఆ 1994 ఆర్‌ఎక్స్ 100 కొనేశాను

తెల్ల పొగ కక్కుతున్న యమహా ఆర్‌ఎక్స్ 100 కొనొచ్చా, బోర్ (ఇంజన్ సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయిందేమో అని పోయిన నెల అడిగాను కదా. కొనేశాను. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్, బండి మీది నంబర్ ఒకటేనని చూసుకున్నాకే డబ్బులిచ్చాను, 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా అమ్మినాయనతోనే చేయించాను. మీలో ఒకరు చెప్పిందే నిజమైంది: బోర్ బాగానే ఉంది, క్లచ్ వైపు క్రాంక్ సీల్ (గేర్ ఆయిల్ ఇంజన్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయి ఇంజన్ గేర్ ఆయిల్‌ని లాగేసుకుంటోంది, అందుకే ఆ పొగ. రెండు వైపులా సీళ్లు మార్పించాను. ఇది టూ-స్ట్రోక్ బండి కదా, ఇంజన్‌కి ఆయిల్ దానంతటదే అందించే పంపుని పాత ఓనర్ తీసేయించాడు, అది మళ్లీ పెట్టించాను, ఇక పెట్రోల్లో ఆయిల్ కలుపుకునే గోల లేదు. ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ వేయించమన్నారు గానీ, నాకు ఆ పాత డ్రమ్ బ్రేకే ముద్దు, కొత్త బ్రేక్ షూలతో సరిపోతోంది. సైలెన్సర్ జోలికి అస్సలు వెళ్లలేదు, ఆ సౌండ్ కోసమేగా కొన్నది!