సాన్ జేవియర్ డెల్ బాక్ చర్చి వద్ద బృందంగా ఫొటోగ్రఫీ శిక్షణ: సలహాలు కావాలి

ప్రశ్న (ఫీనిక్స్ నుంచి):
నమస్కారం. పది మంది తెలుగువాళ్ళం కలిసి జనవరిలో ఒక ఆదివారం అరిజోనాలోని టూసాన్ నగరం దగ్గరి సాన్ జేవియర్ డెల్ బాక్ చర్చి వద్ద ఫొటోగ్రఫీ శిక్షణ పెట్టుకోవాలనుకుంటున్నాము. నిరుడు నేను తీసిన ఫొటోల్లో ఆ తెల్లని గోడలు కొన్నిచోట్ల బూడిద రంగుకు తిరిగాయి, కొన్నిచోట్ల సున్నపు గరుకుదనమే కనిపించనంతగా వెలిసిపోయాయి. ఏ వేళకు చేరుకోవాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
చర్చి ముఖం దక్షిణానికి ఉంది కనుక, సూర్యుడు దక్షిణం వైపు వంగి నడిచే జనవరిలో దాదాపు రోజంతా దానిపై ఎండ పడుతుంది. సూర్యోదయానికి ముందే చేరి, తూర్పున ఉన్న చిన్న గుట్ట మీద నిలబడితే, తొలి వెలుగు మీ వెనుక నుంచి వచ్చి గోడలను తాకుతుంది. కెమెరా తెల్లదనాన్ని బూడిదగా లెక్కకడుతుంది కాబట్టి నీడలో ఉన్న గోడకు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి (అంటే కెమెరాలోకి వచ్చే వెలుగును రెట్టింపు చేయండి); ఎండ పడిన గోడకు మాత్రం హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగునీడల పంపకాన్ని చూపే పటం) కుడి అంచు తగలకుండా చూసుకొని, రా ఫైలుగా (కెమెరా మార్పులు చేయని మూల ఫైలుగా) తీయండి. ద్వారం పైన అలంకరణలో ఎదురెదురుగా ఉన్న పిల్లిని, ఎలుకను ఒక్కొక్కరూ వెతికి తీయాలని చెప్పండి, చూపుకు మంచి సాధన. పిల్లి ఎలుకను పట్టిన నాడు లోకం అంతమవుతుందని అక్కడివారు చెప్పుకుంటారు.

సమాధానం 2:
వెలుగు కన్నా ముందు ఆలోచించవలసినది ఒకటుంది. ఇది టొహోనో ఓఓధామ్ అనే అమెరికా ఆదివాసీ ప్రజల నేల. వారి వాక్ అనే ఊరి పేరే స్పానిష్ నోట బాక్ అయింది. క్రైస్తవ మత ప్రచారకుడు ఫాదర్ కీనో 1692లో ఇక్కడికి వచ్చాడు, ఇప్పటి కట్టడం 1783 నుంచి 1797 వరకు సాగింది, నేటికీ అందులో ప్రార్థనలు జరుగుతున్నాయి. ఆదివారం పూజకు వచ్చినవారి మధ్య పది కెమెరాలు తిరగడం నాకు సమంజసంగా తోచదు. రుసుము తీసుకొని నేర్పేటట్లయితే ముందే అనుమతి అడగండి, మనుషులను అడగకుండా తీయవద్దు.

సమాధానం 3:
గోడల గరుకుదనాన్ని దగ్గరగా తీయించండి. ఇదివరకు పూసిన సిమెంటు తేమను లోపలే బంధించి చర్చి లోపలి గోడల చిత్రాలను పాడుచేయగా, దాన్ని తొలగించి నాగజెముడు రసం కలిపిన సున్నం పూశారు. మన డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపే పద్ధతి తెలిసినవారికి ఆ గోడ ముందు కాసేపు ఆగాలనిపిస్తుంది. కుడి గోపురానికి గుమ్మటం లేదు, దాన్ని ఫ్రేములోంచి తప్పించకండి.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మానుకొని పనిరోజుకు మార్చుకుంటున్నాము. అనుమతి కోసం ఈరోజే రాస్తాను.